కుప్పంలో కిందికి దిగొచ్చిన సభ

నాకూ ఆమెకూ ఒకే వయసు, ఒకే జబ్బు. పసితనంలో పోలియో వచ్చి ఇద్దరికీ ఒక కాలు చచ్చుబడింది. మదనపల్లెలో ఇంటర్ చదివేటప్పుడు ఒకే బెంచీ మీద కూర్చునేవాళ్లం. తొంభైలలో వికలాంగుల కోటాలో ఇద్దరికీ ఎస్టీడీ బూతులు వచ్చాయి. నాది పుంగనూరులో ఒక సందు చివర. ఆమెది మదనపల్లె బస్టాండు ఎదురుగా.

అసూయ అక్కడే మొదలైంది. నా దగ్గరికి పాలకేంద్రంలో పాలు పోసి తిరిగి వెళ్లే ఆడవాళ్లు వచ్చేవారు. కువైట్‌లో ఉన్న మొగుడికో బెంగళూరులో ఉన్న తమ్ముడికో నాలుగు మాటలు చెప్పి, మీటరు చూసి గబుక్కున ఫోను పెట్టేసేవారు. ఆమె దగ్గర తెల్లారేసరికే టమోటా వ్యాపారులు వరస కట్టేవారు. రెండు వేల సంవత్సరం దాటాక పక్క గది కూడా బాడుగకు తీసుకుని కంప్యూటర్లు పెట్టింది. వెనక రెండు చక్రాలు తగిలించిన స్కూటరు కొనుక్కుంది. దాని మీద ఆమె మా సందులోకి వచ్చి హారన్ కొడితే, నవ్వుతూనే బయటికి వచ్చేదాన్ని. లోపల మాత్రం కుతకుతలాడేది.

ఆ రోజుల్లో కుప్పం చుట్టుపక్కల పల్లెల్లో కంప్యూటర్ కేంద్రాలు వెలిశాయి. చూడడానికి ఎక్కడెక్కడి నుంచో కార్లు వచ్చేవి. కుప్పంలో రిటైరైన లెక్చరర్ ఒకాయన ఉండేవారు. ఈ ఫోన్లూ ఇంటర్నెట్టూ ఎవరికి అందుతున్నాయి, ఎవరికి అందడం లేదు, వాటిలో మన హక్కులేమిటి అని సంఘాల వాళ్లమే కూర్చుని మాట్లాడుకోవాలని ఆయన తపన. వికలాంగుల సంఘం తరఫున మా ఇద్దరినీ కలుపుకున్నారు.

మొదటిసారి ముగ్గురం ఆమె కంప్యూటర్ గదిలోనే కూర్చున్నాం. సారు సభకు పేరు రాసుకొచ్చారు. 'సమ్మిళిత, హక్కులను గౌరవించే డిజిటల్ అనుసంధాన వ్యవస్థలపై పౌర సమాజ చర్చా గోష్ఠి.'

ఆమె పకపకా నవ్వింది. "సారూ, ఈ పేరు చదివేలోపల కుప్పం బస్సు ఎల్లిపోతాది. 'ఫోను ఎవురిది, మాట ఎవురిది' అని పెడదాం."

సారు కూడా నవ్వి, తన పేరు కొట్టేశారు. నాకు ఎందుకు తోచలేదా అని మనసు చివుక్కుమంది.

ఏమేం మాట్లాడాలో తేల్చేటప్పుడు నేను నా బూతు సంగతి చెప్పాను. క్యాబిన్‌కు గాజు తలుపు ఉన్నా లోపలి మాట బయట బెంచీకి వినబడుతుంది. కొత్తగా కాపురానికి వచ్చిన ఆడపిల్లలు అమ్మతో ఏడుస్తూ మాట్లాడితే బెంచీ మీద వాళ్లంతా చెవులు రిక్కిస్తారు. అందుకని నేను రేడియో సౌండు పెంచేస్తాను. అంతే చెప్పాను. అదీ నసుగుతూ, సగం నేలకేసి చూస్తూ.

ఆమె వెంటనే అందుకుంది. "సారూ, ఇదే అసలు సంగతి. ఈపొద్దు గాజు తలుపు, రేపు కంప్యూటరు. మన మాట ఎవురు ఇంటాండారో, మన పేరు ఎవురు రాసి పెట్టుకుంటాండారో అడగల్ల."

సారు మొహం వెలిగిపోయింది. "ఆ విషయం నువ్వే మాట్లాడమ్మా," అన్నారు.

ఆమె నా వైపు తిరిగింది. "నీ చేతిరాత బాగుంటాది కదే. వచ్చినోళ్ల పేర్లు నువ్వు రాయి."

సరేనన్నాను. పుంగనూరు బస్సులో కిటికీ పక్కన కూర్చుని దారి పొడుగునా ఉడికిపోయాను. ఆమె నా మాట దొంగిలించి ఉంటే తిట్టుకుని ఊరుకునేదాన్ని. దొంగిలించలేదు. నాకంటే బాగా చెప్పింది. దానికి ఏమని తిట్టాలి?

సభకు ముందు హాలు చూద్దామని ఇద్దరం పలమనేరు మీదుగా కుప్పం వెళ్లాం. సారు మమ్మల్ని ఒక బడికి తీసుకుపోయారు. హాలు మేడ మీద ఉంది. నిటారు మెట్లు, పట్టుకోవడానికి పిట్టగోడ కూడా సరిగా లేదు. సారు అప్పుడు చూసుకున్నారు. "అయ్యో, నాకు తట్టనే లేదమ్మా," అని తల పట్టుకున్నారు.

"ఏం కాదులే సారూ, మాకు అలవాటే," అని ఆమె చెప్పులు విప్పేసి మొదటి మెట్టు మీద కూర్చుంది. చేతులు ఆనించి వెనక్కి వెనక్కి జరుగుతూ ఒక్కో మెట్టూ ఎక్కసాగింది. కొత్త చీర. మొహం మీద ఆ నవ్వు అట్లాగే ఉంది. సారు చేతులు కట్టుకుని అపురూపంగా చూస్తున్నారు.

"రావే, కొంచేపే కదా," అని సగం మెట్ల మీద నుంచి పిలిచింది.

నిజం చెప్పాలంటే, అప్పుడు నాకు హక్కులూ గుర్తు లేవు, సభా గుర్తు లేదు. మెట్లెక్కడంలో కూడా ఆమె వెనకే పోవాలా అన్న ఉక్రోషం ఒక్కటే.

"నేను ఎక్కను," అన్నాను.

"యాలనే?"

"ఈపొద్దు నువ్వు ఎక్కుతావు. రేపు చక్రాల కుర్చీలో వచ్చే ఆయమ్మను ఎవురు మోస్తారు? అందరికీ ఫోను, అందరికీ కంప్యూటరు అని మాట్లాడే మీటింగు మేడ మీద యాల? మీటింగే కిందికి రావల్ల."

అంత గట్టిగా నేను ఎప్పుడూ మాట్లాడలేదు. సారు మెట్ల వైపు, బడి ముందున్న ఖాళీ జాగా వైపు చూశారు. ఆ తర్వాత, "కింద శామియానా వేయిద్దాం," అని మనుషుల కోసం వెళ్లారు.

ఆమె ఎక్కినట్టే మెల్లగా దిగి వచ్చి, చీరకంటిన దుమ్ము దులుపుకుంటూ నా పక్కన కూర్చుంది.

"వద్దనే దానికి నాకు నోరు రాదే," అంది. "ఎవురేమనుకుంటారో అని నవ్వేస్తా. నీ మొండితనం సూస్తే కాలేజీ నుంచీ నాకు కుళ్ళు."

నన్ను చూసి కుళ్ళుకునేవాళ్లు ఒకరుంటారని నేను కలలో కూడా అనుకోలేదు. ఆ సాయంత్రం బస్టాండులో తాగిన టీ అమృతంలా అనిపించింది.

సభ బడి ముందు శామియానా కిందే జరిగింది. పెద్దతిప్పసముద్రం నుంచి చెవులు వినబడని ఒకమ్మాయి తల్లితో వచ్చింది. ఫోను వినబడేవాళ్లకే కదా, నాకేది అని ఆ పిల్ల చేతులతో అడిగితే తల్లి మాకు విప్పి చెప్పింది. "కంప్యూటరు పెద్దీధిలో పెట్టినారు, ఆడికి మేం పోతే ఎగాదిగా సూస్తారు," అని దళితవాడ నుంచి వచ్చిన ఒకాయన లేచి అన్నారు.

తర్వాత ఆమె మాట్లాడింది. గాజు తలుపు, రేడియో, ఏడ్చే పిల్లలు, అన్నీ కళ్లకు కట్టినట్టు చెప్పి, "ఇది నా సంగతి కాదు. ఆడ పేర్లు రాస్తాండే నా స్నేహితురాలిది," అని నన్ను చూపించింది. అందరూ తిరిగి చప్పట్లు కొట్టారు. సారు నన్ను కూడా మాట్లాడమన్నారు. లేచి నిలబడ్డాను. రెండు ముక్కలు చెప్పి కూర్చుండిపోయాను. మళ్లీ అదే అసూయ. నా సంగతి నాదేనని చెప్పడం కూడా ఆమె నాకంటే అందంగా చేసింది.

సభలో అడిగినవన్నీ రాసి సర్కారు ఆఫీసులకు పంపాం. ఒక ఊళ్లో కేంద్రాన్ని దళితవాడ పక్కకు మార్చారు. మిగతావాటికి జవాబు రాలేదు. ఆ తర్వాత సెల్‌ఫోన్లు వచ్చి నా బూతు మూతపడింది. ఆమెకు కుప్పం దగ్గర పల్లెలో ఆడవాళ్ల కోసం పెట్టిన కంప్యూటర్ కేంద్రాన్ని నడిపే ఉద్యోగం దొరికింది. వెళ్లేటప్పుడు మదనపల్లె కంప్యూటర్ గదిని నన్ను నడుపుకోమంది. వద్దనే నోరు నాకుందని ఆమే చెప్పింది గానీ ఆ రోజు అది పనిచేయలేదు.

ఆమె కుర్చీ నాకు సరిగ్గా సరిపోయింది. అదీ నచ్చలేదు. వచ్చినవాళ్లంతా తలుపు దగ్గరే ఆగి, "ఆ యక్క యాడికి పాయె?" అని అడిగేవారు.

"కుప్పంలో ఉండాది. నా స్నేహితురాలే," అని చెప్పి, కంప్యూటర్ ఆన్ చేసేదాన్ని.