గాలిని తరిమిన సాయంత్రం

ఆ ఉదయం నా సైకిలు ముందు చక్రం మెత్తగా ఉంది. ముందురోజు సాయంత్రమే సైకిలు షాపు తాత గాలి కొట్టి ఇచ్చాడు. బొటనవేలితో టైరు నొక్కి చూస్తుండగా చేపలమ్మే ఆమె మా గుమ్మం ముందు గంప దించింది.

"మీ సైకిలు తాత పోయినాడంటమ్మా. తెల్లారుజామున, నిద్దట్లోనే" అంది.

నా వేలు టైరు మీదే ఉండిపోయింది.

ఆయన మాకు బంధువు కాడు. బజారు మలుపులో తాటాకు పంచ కింద సైకిళ్లు బాగుచేసేవాడు. ఊరంతా తాత అనేది, నేనూ అన్నాను.

నేను నెల్లూరు కాన్వెంటు హాస్టల్లో ఉండి చదువుకున్నాను. చదువయ్యాక నాలుగు మైళ్ల అవతల పల్లెలో టీచరు ఉద్యోగం వచ్చింది. మా నాయన లేడు. ఇంట్లో మాటంతా పెదనాన్నది. ఆయన ఒప్పుకున్నాడు గాని ఒక షరతు పెట్టాడు.

"దీపాలు పెట్టే వేళకు ఇంట్లో ఉండాల. ఒక్కరోజు తప్పినా సైకిలు అటకెక్కుతుంది. ఉద్యోగమూ అంతే."

పెదనాన్న అన్నమాట చేసే మనిషి.

దారిలో మైలు పొడుగునా సరుగుడు తోపు ఉంది. అక్కడ సముద్రం కనపడదు, వినపడుతుంది. మా నాయనమ్మ ఆ తోపు ఊసే ఎత్తదు. మరీ అడిగితే "అక్కడ గాలి ఉంది" అంటుంది. మా వైపు గాలి అంటే వీచేదే కాదు, మనిషిని పట్టేది కూడా. అలాంటివి నమ్మకూడదని సిస్టర్లు చెప్పారు. పగటిపూట నేను నమ్మేదాన్ని కాదు.

ఉద్యోగంలో చేరిన నెలలోనే, ఒక సాయంత్రం తోపు నడుమ, నా వెనక 'స్స్' అని వినపడింది. తిరిగి చూడలేదు. ఉన్న బలమంతా పెట్టి తొక్కాను. ఆ చప్పుడు నాతోనే వచ్చింది. కాసేపటికి ఆగిపోయింది. ఆగిపోవడంతో ఇంకా భయమేసింది. వెనక క్యారేజీ మీద ఎవరో ఎక్కి కూర్చున్నట్టు బండి బరువెక్కింది. ఊరు వచ్చేదాకా నేను దిగలేదు.

తాత షాపు ముందు దిగి చూస్తే వెనక టైరు పక్కకు జారిపోయింది, రిమ్ము వంగింది, ట్యూబు పేలికలైంది. జరిగిందంతా ఆయనే ఒక్కొక్కటీ అడిగి రాబట్టాడు. టైరులోంచి తుమ్మముల్లు పీకి నా అరచేతిలో పెట్టాడు.

"ఇదీ నీ దయ్యం. గాలి నిన్ను తరమలేదు అమ్మణ్ణీ. నువ్వే గాలిని తరిమినావు."

బెంచీ మీదున్న ఇద్దరూ నవ్వారు. ఒకడు "కాన్వెంటు చదువు పంచరైపోయింది" అన్నాడు.

తాత పంపు గొట్టం అతని వైపు తిప్పాడు. "నీకూ కొట్టమంటావా గాలి? మొన్న సందేళ తోపు దాటేదానికి తోడు కోసమని మూడు బండ్లు ఆపింది నువ్వే కదరా!"

"పెదనాన్నతో చెప్పొద్దు తాతా" అన్నాను.

"నేను చెప్పను. ముల్లు చెప్పేస్తుంది, ఈ రోజు కాకుంటే రేపు. పంచరు వేసే పని నువ్వే నేర్చుకో."

ఆదివారాలు నేర్పాడు. అవ్వ, అంటే ఆయన భార్య, పక్కన కూర్చొని చింతపండు గింజలు తీస్తుండేది. నీళ్ల తొట్టిలో ట్యూబు ముంచి బుడగలు చూడడం, చిల్లు చుట్టూ గరుకు కాగితంతో రుద్దడం, సొల్యూషన్ పూసి ఆరనివ్వడం. "ఆరకముందే అతికిస్తే మాసిక నిలవదు" అనేవాడు. దారంతో కుట్టలేమా అని అడిగితే, "మీ సిస్టర్లు నేర్పింది ఇదా!" అని పడిపడి నవ్వాడు. ఉప్పుగాలికి రిమ్ము తుప్పు పడుతుందని కిరసనాయిలు గుడ్డతో తుడిపించేవాడు. అన్నీ అయ్యాక, టైరు లోపల వేలు పెట్టి చుట్టూ తడమమనేవాడు. "ముల్లు ట్యూబులో ఉండదమ్మా, టైరులో దాక్కుంటుంది. అది తియ్యకుండా ఎన్ని మాసికలేసినా మళ్లీ పోతుంది."

ఒకరోజు, నీళ్లు లేనిచోట ఎలాగని అడిగాను.

"కళ్లు మూసుకొని ట్యూబును రెప్ప దగ్గర తిప్పు. రెప్పకు తెలిసినంత చేతికి తెలవదు."

కార్తీకమాసంలో పొద్దు తొందరగా వాలుతుంది. ఆ రోజుల్లోనే తోపు నడుమ మళ్లీ 'స్స్' మంది. ఈసారి దిగి, క్యారేజీకి కట్టుకున్న చిన్న పంపూ సామాన్ల సంచీ తీశాను. మూడుసార్లు టైరు జారింది. ట్యూబు బయటికి లాగి కాస్త గాలి కొట్టాను. చుట్టూ ఇసుకే, నీటి చుక్క లేదు. కళ్లు మూసుకోవాలి. ఆ తోపులో.

మూసుకున్నాను. చెట్లు ఊళ పెడుతున్నాయి. ఎడమ రెప్ప మీద ఏదో చల్లగా ఊదింది. కెవ్వుమన్నాను. అదే చిల్లు.

సొల్యూషన్ ఆరేదాకా నిలబడడం అన్నిటికంటే కష్టమైంది. సిస్టర్ల ప్రార్థనా ఆంజనేయుడి పేరూ కలగలిపి చదివాను. వేలు పెట్టి ముల్లు తీశాను. ఇల్లు చేరేసరికి పెదనాన్న వాకిట్లో నిలబడి ఉన్నాడు. నాయనమ్మ చేతిలో అగ్గిపెట్టె ఉంది. దీపం ఇంకా వెలిగించలేదు.

మర్నాడు తాతకు చెప్పాను. అంతా విని ఒక్కటే అడిగాడు. "కళ్లు మూసినావా?"

"మూసినాను."

పంపు కింద పెట్టి, "అమ్మో" అన్నాడు. ఎగతాళి అనుకున్నాను.

ఉద్యోగం నిలిచింది. ఇప్పటికీ ఆ తోపు దగ్గరికి రాగానే నా అరచేతులు చెమరుస్తాయి. దిగి టైర్లు నొక్కి చూసుకొని, మళ్లీ ఎక్కుతాను.

ఓదార్పు మాట చెప్పడం నాకు చేతకాదు. తాత పోయిన ఆ ఉదయం సైకిలు నడిపించుకుంటూ వాళ్లింటికి వెళ్లి, అవ్వ పక్కన నిలబడ్డాను. ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"నీ సంగతి ఎన్నిసార్లు చెప్పినాడో. ఆ తోపంటే ఆయనకు చచ్చే భయం అమ్మణ్ణీ. కోట ఊరికి సామాన్ల కోసం పోవాలన్నా కాలవ కట్ట మీద చుట్టూ తిరిగి పోయేవాడు. ఒంటిగా ఒక్కనాడూ ఆ దోవన పోయి ఎరగడు."

మధ్యాహ్నం పాడె ఎత్తారు. ఆడవాళ్లం మలుపు దగ్గరే ఆగిపోయాం. నా ముందు టైరులో మిగిలిన కాస్త గాలీ ఆయన కొట్టిందే. పంపు పెట్టబుద్ధి కాలేదు. సైకిలు పట్టుకొని, డప్పుల చప్పుడు సన్నబడేదాకా నిలబడ్డాను.

మా ఊరి శ్మశానం ఆ సరుగుడు తోపులోనే ఉంది.