సోనీ అసలు పేరు

మా ఆయన యజ్ఞనారాయణ కెనడాలోని సార్నియాలో ఓ కెమికల్ ప్లాంటులో ముప్పై ఏళ్ళు ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. ఎక్కడ ఏ పైపు లీకవుతుందో పసిగట్టే బుద్ధి మాత్రం ఇంకా రిటైరవలేదు. నా వంటింటి కుళాయిని మూడోసారి విప్పాక ఇక భరించలేక, పక్క పొలం ఈమన్ టియర్నీ దగ్గరికి పొమ్మని నేనే తరిమాను. ఆ పాపం నాదే.

ఈమన్‌కి ఎనభై ఆరేళ్ళు. పెళ్ళి చేసుకోలేదు, తోబుట్టువుల్లేరు. గుండె ఆపరేషనుకి ఆస్పత్రి వాళ్ళిచ్చిన ఫారంలో దగ్గరివాళ్ళ పేర్లు రాయాల్సిన గీతలు రెండూ ఖాళీ. అది చూసొచ్చి మా ఆయన ఆ పూట అన్నం సరిగా తినలేదు. ఈమన్ తాత మైకేల్, ఐర్లండులోని రోస్కామన్‌లో పొలం తమ్ముడికి వదిలేసి ఇక్కడికొచ్చాడట. ఆ తమ్ముడి తరఫువాళ్ళని వెతికిపెడతానని ఈయన మాటిచ్చేశారు. ఆపరేషను ఐదు వారాల్లో ఉంది.

పుట్టినవాళ్ళ పేర్లు, తల్లిదండ్రుల పేర్లు రాసిన రోస్కామన్ పాత చర్చి రిజిస్టర్లు ఇంటర్నెట్‌లోనే ఉన్నాయి. మైకేల్ ఊరి చర్చి ఒక్కదాంట్లోనే ఐదుగురు మైకేల్ టియర్నీలు తేలారు, అందరిదీ ఇంచుమించు ఒకటే ఈడు. ఈయన తనకి తోచిన ఒకడిని పట్టుకుని, వాడి వారసులకి రాశారు. మావాడు కెనడా ముఖమే చూడలేదని జవాబొచ్చింది. ఈమన్ మొదటి గీత మీద 'ఎవరూ లేరు' అని రాసేశాడు.

నాకు ఒళ్ళు మండింది. తోచినవాడిని పట్టుకోవడమేమిటి, ముందు ఇంట్లోవాళ్ళ పేర్లు వరసగా అడగొద్దా అన్నాను. అడిగితే, వాళ్ళ పెదనాన్న సోనీ అనీ, విండ్సర్ కార్ల ఫ్యాక్టరీలో చేరి అక్కడే పోయాడనీ, అసలు పేరు తెలియదనీ చెప్పాడు ఈమన్.

మా ఆయన కుర్చీలోంచి లేచారు. "సుధా, ఇంటికి పెద్దకొడుకు. తాత పేరే పెట్టి ఉంటారు. సోనీ అసలు పేరు దొరికితే మైకేల్ తండ్రి పేరు దొరికినట్టే. పిలవడానికి ఇంకోటి తగిలించారు. నన్ను కిట్టు అన్నట్టే."

నిజమే. తన మామగారి పేరు నోట పలకకూడదని మా అత్తగారు కొడుకుని కన్నుమూసేదాకా కిట్టూ అనే పిలిచింది. ఐరిష్ వాళ్ళకి మన పట్టింపులేమిటని నేను నవ్వాను. ఈమన్ నవ్వలేదు. పెద్దకొడుక్కి తాత పేరు పెట్టడం వాళ్ళలోనూ ఉండేదట.

మర్నాడు విండ్సర్ దాకా రెండు గంటలు డ్రైవ్ చేసింది నేనే. ఈయన పక్కన కూర్చుని స్పీడు గురించి పాఠాలు చెప్పారు. శ్మశానంలో ఈమన్ గుర్తులు చెప్పిన సోనీ సమాధి ముందు మోకాళ్ళ మీద కూర్చుని రాతి మీద నాచంతా గోకారు. కొర్నీలియస్ టియర్నీ అని బయటపడింది. ఇంటికొచ్చి రిజిస్టరు చూస్తే, ఐదుగురు మైకేళ్ళలో తండ్రి పేరు కొర్నీలియస్ అని ఉన్నవాడు ఒక్కడే.

వాళ్ళ ఆనవాయితీ ప్రకారం రోస్కామన్‌లో తమ్ముడికి వదిలిన ఆ పొలంలో ఇప్పుడు కూడా ఒక కొర్నీలియస్ ఉండాలని ఈయన వాదన. ఉన్నాడు! ఆదివారం వీడియో కాల్‌లో, ఆవుల పాక ముందు నిలబడి ఓ పాత ఫోటో చూపించాడు. మైకేల్ ఒళ్ళో చిన్నపిల్లాడు. వెనక మైకేల్ చేతిరాత: 'మా సోనీ, రెండేళ్ళు, కెనడా.' ఆ ఫోటో పంపినవాళ్ళు ఏమయ్యారో అని వాళ్ళింట్లో నాలుగు తరాలుగా అనుకుంటూనే ఉన్నారట. ఈమన్ భోరుమన్నాడు. నేను ఏడవలేదంటే అబద్ధమే.

కాల్ అయ్యాక ఈమన్ ఫారం తెమ్మన్నాడు. 'ఎవరూ లేరు' కొట్టేసి, కొర్నీలియస్ పేరూ ఫోన్ నంబరూ రాశాడు. రెండో గీత దగ్గర ఆగి మా ఆయన వంక చూశాడు. యజ్ఞనారాయణ అని రాయడానికి ఆ గీత చాలదు. కిట్టు అని రాశాడు.