పెద్దమ్మ షెడ్డు బయటి కుప్ప

మా పెద్దమ్మ పోయింది. ఖమ్మం బస్సులో కిటికీ సీటు కోసం ఒకాయనతో వాదులాడుతుంటే అన్న ఫోన్ చేశాడు. అన్నంటే పెద్దమ్మ కొడుకు. "చెల్లె, అమ్మ పోయిందే" అన్నాడు. నేను "ఎవరి అమ్మ?" అన్నాను. ఎందుకంటే మా ఇళ్ళల్లో పోయేటట్టు కనిపించే మనుషుల్లో పెద్దమ్మ లేదు. ముందు రోజు సాయంత్రం కూడా పాత కారు తలుపు గొళ్ళెం ఒకటి బిగుసుకుపోతే నూనె చుక్కలు వేసి ఆడిస్తూ కూర్చుందట. తిని పడుకుంది, తెల్లారి లేవలేదు. నాతో వాదిస్తున్నాయన నా మొహం చూసి కిటికీ సీటు వదిలేశాడు.

ములకలపల్లి దాటి అడవి దగ్గరపడే చోట మీ బండి ఎప్పుడైనా మొరాయించి ఉంటే మీకు ఆమె తెలిసే ఉంటుంది. రోడ్డు పక్కన రేకుల షెడ్డు, గోడకు ఆనించిన కారు తలుపులు, తాడుకు వేలాడే అద్దాలు, వాటి మధ్య జీపు సీటు మీద కొంగు నడుముకు దోపుకొని కూర్చున్న పొట్టి మనిషి. బోర్డు లేదు. "పెద్దమ్మ షెడ్డు ఏడ?" అంటే పినపాక డ్రైవర్లు కూడా దారి చెప్పేవాళ్ళు. నాకు నిజంగానే పెద్దమ్మ, మా అమ్మకు అక్క. మిగతా వాళ్ళకు వరసతో పని లేకుండా పెద్దమ్మ.

ఈ వ్యాపారం ఆమె కోరి మొదలుపెట్టింది కాదు. పెద్దనాన్న కిరాయి జీపు నడిపేవాడు. ఆయన పోయాక ఆ జీపు వాకిట్లో నిలబడిపోయింది. తుక్కు కింద ఇచ్చెయ్యమని అందరూ చెప్పారు. ఆమె ఇవ్వలేదు. మెకానిక్‌ను పిలిచి, పక్కన కూర్చొని, ఒక్కొక్కటే విప్పించింది. "మొత్తంగ ఇస్తే ఇనుము బిడ్డా. విప్పి ఇస్తే సామాను" అనేది. లైట్లు ఒకరికి, సీట్లు ఒకరికి, పైన టాపు ఇంకొకరికి పోయాయి. ఆ జీపు పూర్తిగా అయిపోయే లోపలే చుట్టుపక్కల ఊళ్ళల్లో మూలన పడ్డ బండ్లు ఆమె దగ్గరికి రావడం మొదలైంది.

మా వైపు ఊళ్ళల్లో తిరిగి చూడండి, ఆమె అమ్మిన సరుకు ఇప్పటికీ కనిపిస్తుంది. టీ కొట్టు ముందు బెంచీ కారు వెనక సీటు. ఒకరి వంటగదికి కిటికీ వ్యాను ముందద్దం. ఒకచోట కోళ్ళగూటికి కారు తలుపే బిగించారు; అద్దం దించి గింజలు వేస్తారు, ఎత్తి మూసేస్తారు. బండి బరువు మోసే కమాన్ పట్టీల కోసం గూడేల నుంచి మనుషులు వచ్చేవాళ్ళు. కొలిమిలో పెట్టి సాగగొడితే వాటితో మంచి గొడ్డళ్ళు, కొడవళ్ళు అవుతాయి. వాళ్ళ భాషలో వాళ్ళు, తన తెలుగులో తను బేరమాడుకునేవాళ్ళు. ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చిన చోట బేరం తెగేది.

పాత సామాను అంటే మసి, మడ్డి అనుకుంటాం. ఆమె షెడ్డులో అట్లా ఉండేది కాదు. డీజిల్లో ముంచిన కొబ్బరిపీచుతో ప్రతి ముక్కనూ గిన్నె తోమినట్టు తోమేది. సెలవులకు పోతే నాకూ ఒక పీచు ఇచ్చేది. కాలేజీలో చేరాక చేతులు నల్లబడతాయని నేను మొహం ముడిస్తే, "గా ఫోన్ పట్టుకుంటె మాత్రం తెల్లగైతయా?" అని నవ్వేది. డిగ్రీ అయ్యాక ఒక్క ఉద్యోగంలో కుదురుగా ఉండని నన్ను మా ఇంట్లో ఏమీ అనకుండా చూసిన మనిషి ఆమె ఒక్కతే. "దానికి సరిపోయే బండి ఇంక దొరకలే, అంతే" అని మా అమ్మతో చెప్పిందట.

ఇక ఆ షెడ్డు బయటి కుప్ప గురించి చెప్పాలి. రేకుల కింద ఉన్నవన్నీ అమ్మేవి. షెడ్డు బయట, దాని వెనకే ఉన్న ఇంటి వాకిట్లో ఒక మూలన ఇంకో కుప్ప ఉండేది, ఎండకూ వానకూ వదిలేసి. బ్రేకు డ్రమ్ములు, స్టీరింగు రాడ్లు, బ్రేకు నూనె పోయే గొట్టాలు. పగుళ్ళు పట్టినవి, అరిగినవి, ఎక్కడో లోయలో బోల్తాపడ్డ బండి నుంచి వచ్చినవి. వాటిని ఎవరికీ ఇచ్చేది కాదు. కుప్ప పెరిగాక ఒకరోజు సమ్మెట తీసుకొని కూర్చునేది. డ్రమ్ములు పోత ఇనుము కాబట్టి నాలుగు దెబ్బలకు పగిలేవి. రాడ్లను రంపంతో కోయించేది. గొట్టాలను కత్తిపీట మీద బెండకాయలు తరిగినట్టు తరిగేది. ముక్కలు చేశాకే తుక్కు బండికి వేసేది. అట్లాగే ఇచ్చేస్తే తుక్కు బండి నుంచి ఎవరో ఏరుకొని, రంగేసి, మళ్ళీ రోడ్డు మీదికి తెస్తారని ఆమెకు తెలుసు.

ఒకసారి నేను ఉన్నప్పుడే మిర్చి కూలీలను తోలే వ్యాను డ్రైవరు ఒకతను వచ్చి ఆ కుప్ప దగ్గర గొంతుక్కూర్చున్నాడు.

"పెద్దమ్మా, గీ రాడ్డు ఇయ్యరాదు. నా బండికి సరిగ్గ కూసుంటది."

"కూసుంటది. నిలబడది."

"నడిపేది నేనే గద. సస్తే నేను సస్త."

"సస్తే సావు, నాకేంది? ఎనకాల కూసుండే కూలోళ్ళేం జేసిన్రు నీకు?"

"గట్లయితె నువ్వే పెట్టుకొని పూజ జేస్కో."

"చేస్త. పసుపు గూడ రాస్త. నువ్వు పోయి కొత్తది కొనుక్కో."

అతను గొణుక్కుంటూ లేచాడు. ఆమె వెనక్కి పిలిచి, తాడు మీద వేలాడే అద్దాల్లో ఒకటి విప్పి అతని చేతిలో పెట్టింది. "పైసలొద్దు, ఇది ఊకనే తీస్కపో. ఎనకాల ఎవరున్నరో చూస్కుంట నడుపు." అతనికి కోపం ఉంచుకోవాలో మానాలో తెలియలేదు. అద్దం మాత్రం తీసుకుపోయాడు.

ఏ సామాను గురించైనా అడిగితే ఆమె దగ్గర మూడో జవాబు ఒకటి ఉండేది. పనిచేస్తుంది, చెయ్యదు, తెల్వదు. "తెల్వదు" అని ఇంత దర్జాగా చెప్పే మనిషిని నేను ఏ ఆఫీసులోనూ చూడలేదు. సీటో, తలుపో అయితే "తెల్వదు, చూస్కొని తీస్కో" అనేది. బ్రేకుదో, స్టీరింగుదో అయితే "తెల్వదు" అని చేత్తో విసిరి బయటి కుప్పలో పడేసేది. అక్కడికి దాని కథ ముగిసినట్టే.

ఆమె పోయాక జరిగింది చెబుతాను.

మా వైపు దినాలంటే వాకిలి ఊడ్చి, అలికి, ఒక్క పుల్ల కూడా లేకుండా చేస్తారు. షామియానా వెయ్యాలి, పొయ్యిలు పెట్టాలి, చుట్టాలు కూర్చోవాలి. నేను పెద్దమ్మ ఫోటోకు ఫ్రేము కట్టించడానికి కొత్తగూడెం పోయి వచ్చేసరికి వాకిలి అద్దంలా ఉంది. బయటి కుప్ప లేదు. అన్న మేనత్తలు, బాబాయిలు కలిసి అంతా షెడ్డు లోపలికి చేరవేశారు. చేరవేసి ఊరుకోలేదు. ఆమెకు శుభ్రం ఇష్టమని తుడిచారు, నూనె రాశారు, డ్రమ్ముల మీద డ్రమ్ములు, రాడ్ల పక్కన రాడ్లు పేర్చారు. "చూడే, మీ పెద్దమ్మ చూస్తె ఎంత మురిసేదో!" అంది ఒక మేనత్త కొంగుతో చెమట తుడుచుకుంటూ. అన్నీ ఒకేలా మెరుస్తున్నాయి. ఏది లోపలిదో ఏది బయటిదో ఇక దేవుడికే తెలియాలి. ప్రేమతో చేసిన పనిని ఏమని తిడతాం?

షెడ్డు ఉన్న జాగా కిరాయిది, ఖాళీ చెయ్యాలి. అన్న ఖమ్మంలో ఉద్యోగస్తుడు, షెడ్డు నడపలేడు. ఖమ్మం నుంచి ఒక సేటు మొత్తం సరుకు తీసుకుంటానని మాట ఇచ్చాడు. అతనికి కావలసింది తలుపులూ సీట్లూ కాదు. జల్దీ అమ్ముడుపోయేవి బ్రేకు సామాను, స్టీరింగు సామాను. దినాలు అయిన మర్నాడు పొద్దున, లారీ మధ్యాహ్నానికి వస్తుందనగా, అన్నను షెడ్డులోకి తీసుకుపోయాను.

"వీటిల్ల ఏవి బయట ఉండె, ఏవి లోపల ఉండె, నీకెరుకనా?"

"నాకెట్ల ఎరుక? నేను ఆఫీసుల ఉంటి గద."

"నాకూ ఎరుక లేదు. మరి ఏమని అమ్ముతం?"

"ఏంది చెల్లె, పాత ఇనుముకు గూడ పరీక్ష పెడ్తవా? తీస్కునేటోడు చూస్కుంటడు."

"తీస్కునేటోడు చూస్కునేటట్టుంటె పెద్దమ్మ సమ్మెట ఎందుకు పట్టింది?"

అన్న ఒక డ్రమ్మును వేలికి తగిలించి ఇంకో చేతి రెంచీతో కొట్టాడు. గణగణా మోగింది. పగిలినదైతే బొంగురుగా పలుకుతుందని ఇద్దరికీ తెలుసు, చిన్నప్పుడు అది మాకు ఆట. "ఇది మంచిదే" అన్నాడు.

"పగులు లేదు. అరిగిందో లేదో? ఏ బండిదో?"

అన్న ఇంకోసారి కొట్టాడు. అదే మోత. దాన్ని తిప్పి లోపల వేలితో తడిమాడు, వెలుతురుకు పెట్టి చూశాడు, మళ్ళీ నా వైపు చూశాడు. ఆఫీసు మనిషి మొహం పోయి పెద్దమ్మ కొడుకు మొహం వచ్చింది.

"తెల్వదు" అన్నాడు.

సమ్మెట ఎక్కడుందో ఆయనే వెతికి తెచ్చాడు. చొక్కా విప్పి, బనీను మీదే మొదటి దెబ్బ ఆయనే వేశాడు. నేను గొట్టాలు కత్తిపీట మీద పెట్టాను. చప్పుడుకు మేనత్త పరుగెత్తుకొచ్చి, "అయ్యో, రోజంతా తుడిచినం గదరా!" అని నెత్తి కొట్టుకుంది. సంగతి చెప్పాక రాడ్లు రంపానికి కదలకుండా కాలితో తొక్కి పట్టింది ఆ మేనత్తే. మంచివి కూడా పగిలాయి. ఖచ్చితంగా పగిలాయి. ఏవి మంచివో చెప్పగల మనిషి లేనప్పుడు అన్నీ పగలాల్సిందే. ఇందులో నాకు అప్పుడూ అనుమానం లేదు, ఇప్పుడూ లేదు.

లారీ వచ్చింది. సేటు దిగి, లోపలికి పోయి, వెంటనే బయటికి వచ్చాడు.

"ఏందయ్యా ఇది? అసలు మాల్ అంత పలగ్గొట్టిన్రు?"

"అవ్" అన్నాడు అన్న.

"ఎవరు చెప్పిన్రు గిట్ల చెయ్యమని?"

"మా అమ్మ."

"పోయినామె ఎట్ల చెప్పిందయ్యా?"

"ఉన్నప్పుడే చెప్పింది. మేం ఇయ్యాల విన్నం."

సేటు ఆ ముక్కల కుప్పను కాలితో కదిపాడు. వెళ్ళిపోతాడనుకున్నాను. నడుము మీద చేతులు పెట్టుకొని నవ్వాడు. "ఉన్నన్ని రోజులు నాకు ఒక్క డ్రమ్ము అమ్మలే ముసలామె. పోయినంక గూడ అమ్మలే." లారీ ఖాళీగా తోలుకుపోలేడు కదా. తలుపులు, సీట్లు, లైట్లు, అద్దాలు ఏరుకున్నాడు. ముక్కలను తుక్కు కింద తూకం వేసుకున్నాడు. అన్న అనుకున్నదానికి చాలా తక్కువే వచ్చింది. కమాన్ పట్టీలు మాత్రం లారీ ఎక్కించనివ్వలేదు నేను. గూడెం మనుషులకు కబురు పెడితే వచ్చి మోసుకుపోయారు. వాళ్ళల్లో ఒకామె ఖాళీ షెడ్డు మధ్య నిలబడి తన భాషలో ఏదో చెప్పింది. నాకు అర్థం కాలేదు, సమాధానం చెప్పాల్సిన మాటలా కూడా అనిపించలేదు. ఆమె చెయ్యి పట్టుకున్నాను.

పెద్దమ్మ గొప్ప మనిషి అని రాస్తే ఆమె నన్ను కసురుతుంది. ఆమె ఒక పాత సామాన్ల షెడ్డు నడిపింది. మా రోడ్ల మీద ఎంతమంది కూలికి పోయి క్షేమంగా ఇంటికొచ్చారో, వాళ్ళల్లో కొందరు ఆమె అమ్మకుండా ఆపిన వాటివల్ల వచ్చారు. వాళ్ళకు ఆ సంగతి తెలియదు. ఆమెకూ వాళ్ళెవరో తెలియదు.

మర్నాడు అన్నకు డ్యూటీ ఉంది. ఆ సాయంత్రమే బోరు దగ్గర బట్టల సబ్బుతో మోచేతుల దాకా రుద్దుకున్నాడు, మొహం కడుక్కున్నాడు, ఉతికిన చొక్కా వేసుకొని ఖమ్మం బస్సెక్కి చివరి వరుసలో కూర్చున్నాడు. దినాలకు గుండు చేయించుకున్నాడు కదా, తల మీద వెంట్రుకలు లేవన్న సంగతి తనకింకా అలవాటు కాలేదు. సమ్మెట దింపి చెమట తుడుచుకున్నప్పుడు పడ్డ చెయ్యి గుర్తు, అయిదు వేళ్ళతో సహా, నున్నటి గుండు వెనక నల్లగా అట్లాగే ఉంది. నేను చెప్పలేదు. మేనత్త కూడా చూసింది, ఆమె కూడా చెప్పలేదు. బస్సు అడవి మలుపు తిరిగేదాకా వెనకద్దంలోంచి ఆ నల్లటి చెయ్యి కనిపిస్తూనే ఉంది.