బండి తీసే ముందు ఫోను

ఆ టాక్సీ డ్రైవరును నేను చూసింది ఒక్కసారే. తమిళం మాట్లాడే మా ఊళ్లో, సారం అనే పేటలో మిట్టమధ్యాహ్నం బండెక్కి, గోరిమేడు పోవాలని తమిళంలో చెప్పాను. ఆయన బండి తీయలేదు. అద్దంలో నన్ను ఎగాదిగా చూసి, భార్యకు ఫోన్ చేసి తెలుగులో మొదలుపెట్టాడు.

“వొగడే. ముప్పై ఏండ్లుంటాయి. ఎర్ర గళ్ల చొక్కా, కండ్లద్దాలు. ఒళ్లో నల్ల సంచి. గోరిమేడంట. అరగంటలో నేను పలక్కపోతే స్టేషనుకు పో.”

హంతకుడి ఆనవాళ్లలా నా ఆనవాళ్లు నేనే వింటూ కూర్చున్నాను. సంచిలో ఉన్నది గోరిమేడు ఆసుపత్రిలో ఉన్న అమ్మకు అన్నం క్యారియరు. అంతలో ఆయన మెడ చుట్టూ ఉన్న తువ్వాలు జారింది. దాని కింద, ఈ చెవి నుంచి ఆ చెవి దాకా తాడు ఒరుసుకుపోయిన మచ్చ. వెనక సీట్లో కూర్చున్నవాడెవడో బిగించి ఉంటాడు.

ధైర్యం చెబుదామని ముందుకు వంగి తెలుగులో, “భయపడొద్దన్నా, మాదీ తెలుగిల్లే” అన్నాను.

ఆయన తుళ్లిపడి, తలుపు తెరిచి సగం దిగిపోయాడు. ఫోన్లో ఆమె “ఏమయ్యా, ఏమాయ?” అని అరుస్తూనే ఉంది.

“ఎక్కేవోళ్లకు తెలీదనే గద సార్, ఇన్నాళ్లూ తెలుగులో చెప్తావుండేది” అన్నాడు. “ఇంక నా పెండ్లానికి యే బాసలో చెప్పేది?”