వగ్దీ బాబాయ్ గాలివాన విహారాలు

వగ్దీ బాబాయ్‌కి ఉన్నది ఒకే ఒక్క జబ్బు. ఏ ఆలుమగలైనా వచ్చి "శరత్కాలంలో నాలుగు రోజులు అలెగ్జాండ్రియా వెళ్ళి ప్రశాంతంగా గడిపొస్తాం, ఏర్పాటు చెయ్యి" అని అడిగితే, సరిగ్గా గాలివాన కొట్టే రోజులు చూసి మరీ వాళ్ళని పంపించేవాడు.

పొరపాటున అనుకునేరు. కానే కాదు. ఆయన పుట్టింది, పెరిగింది అలెగ్జాండ్రియాలోనే. ఆ ఊళ్ళో గాలివానలకి మనుషులకి పెట్టినట్టు పేర్లు పెట్టుకుంటారు. శరత్కాలం చివర్లో వచ్చేదాని పేరు మక్నసా, అంటే చీపురు. ఊరు మొత్తాన్నీ ఊడ్చిపారేస్తుంది కనక ఆ పేరు. అదెప్పుడు దిగుతుందో అక్కడ చేపలమ్మేవాళ్ళ దగ్గర్నుంచి పసిపిల్లలదాకా అందరికీ తెలుసు. తెలియనిది కైరోవాళ్ళకే. వీళ్ళకి అలెగ్జాండ్రియా అంటే నీలం సముద్రం, వేయించిన చేప, చెయ్యీ చెయ్యీ పట్టుకుని ఒడ్డెంట నడక. ఈ అమాయకత్వం మీదే బాబాయ్ దుకాణం నడిచేది.

దుకాణం కైరోలోని షుబ్రా పేటలో, నిహాల్ అనే అమ్మాయి చిన్నప్పట్నుంచీ ఉంటున్న భవనం కింది అంతస్తులో ఉంది. బల్ల ఒకటి, మూడు కుర్చీలు, గోడమీద ఎండ కాస్తున్న సముద్రం బొమ్మ. ఆ బొమ్మ చూసి మోసపోని దంపతులు షుబ్రాలో లేరు. పైగా బాబాయ్ ఘోటక బ్రహ్మచారి.

"పెళ్ళే చేసుకోలేదు, ఆలుమగల సరదాలు నీకేం తెలుసు బాబాయ్?" అని నిహాల్ చిన్నప్పుడే అడిగింది.

"ఏం, డాక్టరుకి కూడా జబ్బుండాలా తల్లీ?" అన్నాడాయన.

ఓ ఏడాది మాంసం కొట్టు షిహాతా భార్యతో వెళ్ళి, తడిసి ముద్దయి తిరిగొచ్చాడు. రావడం రావడం చేతిలో కత్తితో దుకాణంలోకి దూరాడు. నిహాల్ అప్పుడక్కడే ఉంది.

"సముద్రం చూసి రమ్మని పంపావు. సముద్రమే మా గదిలోకొచ్చి మమ్మల్ని చూసి పోయింది" అన్నాడు షిహాతా.

"మరింకేం, మీకు బయటికెళ్ళే శ్రమ తప్పింది. ఆ కత్తి ఇటియ్యి, జామకాయ కోస్తాను."

"నాలుగు రోజులు గదిలోనే కూచున్నాం తెలుసా, నేనూ మా ఆవిడా."

"ఎవరితో కూచుందామని వెళ్ళావు మరి?"

షిహాతా కత్తి బల్లమీద పెట్టి, కుర్చీలో కూలబడ్డాడు. జామకాయ తిని, కత్తి మర్చిపోయి వెళ్ళాడు. తర్వాతి వారం తన బావమరిదినీ, వాడి పెళ్ళాన్నీ తనే వెంటబెట్టుకొచ్చి అదే కుర్చీల్లో కూచోబెట్టాడు. ఇదే వింత. తిట్టుకుంటూ తిరిగొచ్చినవాళ్ళే చుట్టాలని పంపేవాళ్ళు. ఎందుకు పంపుతున్నారో ఎవరూ చెప్పేవాళ్ళు కాదు. నిహాల్‌కి నవ్వొచ్చేది గాని, అడగాలని ఎప్పుడూ తోచలేదు.

తర్వాత ఆమెకి నవ్వు రావడమే మానేసింది.

ఆమెకీ భర్త రిఫాత్‌కీ ఒక్కతే కూతురు, జుమానా. కిందటేడు శరత్కాలంలో జ్వరం వచ్చి, మూడేళ్ళు నిండకుండానే పోయింది. దాని గురించి ఇంతకంటే ఎక్కువ రాయడానికి చెయ్యి రాదు.

షుబ్రా భవనాల్లో ఏడవడం కూడా అంత తేలికైన పని కాదు. భవనం నడుమ పైనుంచి కిందిదాకా గాలి కోసమని ఒక ఇరుకు సందు వదులుతారు. అన్ని వంటిళ్ళ కిటికీలూ అందులోకే తెరుచుకుంటాయి. నాలుగో అంతస్తులో తుమ్మితే మొదటి అంతస్తువాళ్ళు "అల్లా చల్లగా చూడాలి" అంటారు. పిల్ల పోయిన వారంలోనే ఒక మధ్యాహ్నం నిహాల్ వంటింట్లో గిన్నె కడుగుతూ, ఆపుకోలేక బావురుమంది. ఆ ఏడుపు సగంలో ఉండగానే తలుపు తట్టారు. పై అంతస్తు సుహైర్ పాలన్నం గిన్నెతో, ఎదురింటావిడ పప్పుచారుతో, ఇంకో ఇద్దరు ఉత్త చేతులతో. అందరూ మంచివాళ్ళే, ఒక్కరిని తప్పుపట్టడానికి లేదు. వీపు నిమిరారు, బుజ్జగించారు, దేవుడి మాటలు చెప్పారు. నిహాల్ ఏడుపు మధ్యలో లేచి, కళ్ళు తుడుచుకుని, అందరికీ టీ పెట్టాల్సి వచ్చింది.

ఆ తర్వాత ఆమె మళ్ళీ ఏడవలేదు.

రిఫాత్ అయితే అసలు ఏడవనే లేదు. కరెంటు ఆఫీసుకి వెళ్ళేవాడు, వచ్చేవాడు. కూతురి పేరు నోటివెంట రానిచ్చేవాడు కాదు. పిల్ల బట్టలన్నీ ఒక సంచిలో కుక్కి, ఒక పొద్దున్న ఎటో పట్టుకుపోయాడు. ఎవరికిచ్చావని ఆమె అడగలేదు, అతను చెప్పలేదు. అది మాత్రం ఆమె గుండెలో ముల్లులా దిగబడిపోయింది. మూడేళ్ళ పిల్లని ఒక సంచితో వదిలించేసుకున్నాడు గదా అని.

అప్పట్నుంచీ ఆ ఇంట్లో మర్యాద మొదలైంది. "టీ తాగుతావా?" "నీకు శ్రమ లేకపోతే." "అయ్యో, శ్రమేముంది." ఏడాది పొడుగునా ఒక్క మాట పైకి లేవలేదు. "మా కొడుకూ కోడలూ ఎంత ఒద్దికో" అని అత్తగారు కనబడ్డ చుట్టానికల్లా చెప్పుకుని మురిసిపోయేది. ఆ ఒద్దికలో నిహాల్‌కి ఊపిరాడేది కాదు.

చివరికి ఒక నిర్ణయానికొచ్చి, మెట్లు దిగి బాబాయ్ దుకాణానికెళ్ళింది.

"అలెగ్జాండ్రియాకి నాలుగు రోజులు పంపించు బాబాయ్. కాని నీ గాలివాన నాకొద్దు. నాకు ఎండ కావాలి."

"ఎండెందుకు తల్లీ, నల్లబడిపోతావు" అంటూ ఆయన వేళ్ళు మడిచి, రోజులు చెప్పాడు.

నిహాల్ ఫోను తీసి చూపించింది. "ఆ వారమంతా వానే అంటోంది ఇది."

"అది పుట్టింది చైనాలో. నేను పుట్టింది అలెగ్జాండ్రియాలో. ఎవర్ని నమ్ముతావు?"

"హాస్యాలొద్దు బాబాయ్. అక్కడ రిఫాత్‌తో ఒక మాట చెప్పాలి. గొడవ లేకుండా, నెమ్మదిగా చెప్పాలి."

"ఏం మాట?"

"మన్సూరాలో అన్నయ్య దగ్గరికి వెళ్ళిపోతున్నానని. మళ్ళీ రానని."

బాబాయ్ ముఖంలో నవ్వు పోయింది. టీ గ్లాసుని బల్లమీద అటు జరిపి, ఇటు జరిపాడు.

"చెప్పు. చెప్పొద్దని నేననను. రోజులు మాత్రం నేను చెప్పినవే."

వాదించే ఓపిక లేకపోయింది ఆమెకి. తెగిపోయేదానికి ఎండైతేనేం, వానైతేనేం అనుకుని ఊరుకుంది.

వెళ్ళిన రోజు మబ్బయినా లేదు. బడులు తెరిచాక వేసవి జనమంతా పోయి, సముద్రపు ఒడ్డు ఖాళీగా ఉంది. ఇద్దరూ నడిచారు. వేయించిన చేప తిన్నారు. "ముళ్ళు తీసి పెట్టనా?" "పరవాలేదు, నువ్వు తిను." చెప్పాలనుకున్న మాట ఆమె నాలుక చివరిదాకా వచ్చి వెనక్కి పోతూనే ఉంది. రేపు చెబుదాం అనుకుంది.

బస ఫిర్దౌస్ అనే ఆవిడ నడిపే పాత ఇంట్లో, సముద్రం వైపు గదిలో. ఆ గది కిటికీ చెక్క తలుపులకి గడియ లేదు.

"ఇదే మీ వగ్దీ అడిగిన గది" అంది ఫిర్దౌస్. "వడ్రంగిని పిలుస్తానంటే వద్దంటాడు. ఇన్నేళ్ళుగా ఇదే గోల. వాడి పిచ్చి పైవాడికే తెలియాలి. రేపు గాలి లేస్తే ఇద్దరూ చెరో రెక్కా పట్టుకోండి, ఒక్కరివల్ల అయ్యే పని కాదు. వదిలారంటే మంచాలతో సహా వీధిలో పడతారు."

మర్నాడు మధ్యాహ్నం భోజనమయ్యాక నిహాల్ గుండె రాయి చేసుకుని, "రిఫాత్, నీతో ఒక మాట" అంది. అంతే, కిటికీ రెండు రెక్కలూ ఢామ్మని తెరుచుకున్నాయి. చూస్తుండగానే బయట పట్టపగలు చీకటైపోయింది. చీపురు దిగింది.

రిఫాత్ ఒక రెక్క మీద పడ్డాడు. ఆమె రెండోదాని మీద. తోస్తే మూసుకున్నాయి, వదిలితే తెరుచుకుంటున్నాయి. చేసేది లేక ఇద్దరూ పక్కపక్కనే వీపులు ఆనించి, కాళ్ళు నేలకి తన్నిపెట్టి నిలబడ్డారు. ఏడాదిగా ఒకరి భుజం ఒకరికి తగలకుండా మసిలిన మనుషులు. సందుల్లోంచి నీళ్ళు మెడలమీద కారుతున్నాయి. గాలి హోరుకి కింద ఫిర్దౌస్ ఏమరుస్తోందో కూడా తెలియడం లేదు.

రిఫాత్ పెదవులు కదులుతున్నాయి. ఏమంటున్నాడో వినబడలేదు. ఆమె చెవి దగ్గరగా పెట్టింది.

"జుమానా" అంటున్నాడు. "జుమానా, జుమానా." నెమ్మదిగా మొదలైంది, గట్టిగా అయింది. తర్వాత అరుపైంది. అంత పెద్దమనిషి తల వెనక్కి వాల్చి, నోరంతా తెరిచి ఏడ్చాడు. ఏ తలుపూ ఎవరూ తట్టలేదు.

నిహాల్‌కి కోపం ముంచుకొచ్చింది. "ఇప్పుడా? ఇప్పుడా ఏడుస్తావు? ఏడాదంతా ఏం చేశావు? దాని బట్టలు ఎవరికిచ్చేశావు?"

"ఎవరికీ ఇవ్వలేదు."

"ఏమన్నావు?"

"ఎవరికీ ఇవ్వలేదే. ఆఫీసులో నా బీరువాలో ఉన్నాయి. నువ్వు చూస్తే తట్టుకోలేవని పట్టుకుపోయాను. ఫైళ్ళన్నీ నేలమీద పెట్టుకున్నాను. పై అధికారి రోజూ తిడతాడు. మధ్యాహ్నం అందరూ నమాజుకి వెళ్ళాక బీరువా తెరిచి, ఆ పసుపుపచ్చ గౌను…"

నిహాల్ కిందికి జారబోతే అతను ఒక చేత్తో ఆమెనీ, వీపుతో రెండు రెక్కల్నీ ఆపాడు. అప్పుడు ఏడ్చింది ఆమె. ఏడాదిగా దాచుకున్నదంతా ఏడ్చింది. డాక్టర్ని తిట్టింది, దేవుణ్ణి తిట్టింది, రిఫాత్‌ని తిట్టింది, తనని తాను తిట్టుకుంది. అతనూ తిట్టాడు. ఇద్దరూ గొంతులు పోయేలా అరుచుకున్నారు. ఎవరికీ టీ పెట్టాల్సిన పని పడలేదు.

గాలివాన ఉన్నన్నాళ్ళూ అలాగే. గాలి తగ్గినప్పుడు కాస్త తిన్నారు, లేచినప్పుడు కిటికీ దగ్గరికి పరిగెత్తారు. జుమానా కథలన్నీ చెప్పుకున్నారు. అది సబ్బు తిన్న రోజు చెప్పుకుని నవ్వారు కూడా. నవ్వినందుకు మళ్ళీ ఏడ్చారు. మన్సూరా సంగతి ఆమె చెప్పనే లేదు. వదులుకుందామనుకున్న మనిషి, తీరా చూస్తే, తనలాగే ఒంటరిగా బీరువా ముందు నిలబడి ఉన్నాడు.

ఇద్దరూ ముక్కులు కారుతూ తిరిగొచ్చారు. మొదటి పనిదినాన రిఫాత్ ఆ సంచి ఇంటికి తెచ్చాడు. వంటింటి బల్లమీద ఒక్కొక్క బట్టే తీసి మడతలు పెడుతూ ఇద్దరూ ఘొల్లుమన్నారు. ఆ సందులోంచి భవనమంతా విన్నది. సుహైర్ పాలన్నం గిన్నెతో సహా వచ్చి తలుపు తట్టింది.

నిహాల్ తలుపు తీసి, గిన్నె అందుకుంది. "ఇంకా అవలేదు పిన్నీ. అయ్యాక పిలుస్తాను" అని చెప్పి, నెమ్మదిగా తలుపేసింది.

మర్నాడు దుకాణానికెళ్ళి బాబాయ్ ఎదుట కూచుంది. ఎన్నో అడగాలనుకుంది. ఒక్కటే అడిగింది.

"కొత్తగా పెళ్ళైనవాళ్ళని కూడా వానలోకే పంపుతావా బాబాయ్?"

"ఛ, వాళ్ళకెందుకు? వాళ్ళని ఎండలోకి, లక్సర్‌కి పంపుతాను" అన్నాడాయన, తలెత్తకుండా చక్కెర కలుపుతూ. తర్వాత వెనకనున్న చిన్న కిటికీ వైపు చూశాడు. అదీ ఆ సందులోకే తెరుచుకుంటుంది. "ఇక్కడ కూచుంటే అందరి ఇళ్ళూ వినబడతాయి తల్లీ. షిహాతా ఇంట్లో కూడా తమ్ముడు పోయాక అంతే, ఉలుకూ పలుకూ లేదు. కొట్టుకునేవాళ్ళ గురించి నాకు బెంగ లేదు. మీ ఇంట్లోంచి ఏడాదిగా చెంచా చప్పుడు తప్ప ఏమీ వినలేదు. నాకు నిద్ర పట్టేది కాదు."

నిహాల్ ఆయన ముసలి చెయ్యి తీసుకుని కళ్ళకద్దుకుంది. "చాల్లే, జలుబంతా నాకంటిస్తావు" అని ఆయన చెయ్యి లాక్కున్నాడు.

అంతలో ఒక నడివయసు జంట లోపలికొచ్చింది. భర్త కుర్చీ జరిపాడు. "నీకు ఇబ్బంది లేకపోతే ఇక్కడ కూచో" అన్నాడు. "అయ్యో, నాకేం ఇబ్బంది, మీరు కూచోండి" అందామె. ఇద్దరి మధ్యా ఒక కుర్చీ ఖాళీగా మిగిలింది.

బాబాయ్ వేళ్ళు మడిచి రోజులు చెప్పాడు. ఆ భర్త అనుమానంగా గోడమీది బొమ్మని చూసి, నిహాల్ వైపు తిరిగాడు.

"మీరు ఈమధ్యే వెళ్ళొచ్చినట్టున్నారు. వాతావరణం ఎలా ఉంటుందమ్మా అక్కడ?"

నిహాల్ ఆ ఖాళీ కుర్చీని చూసింది. జేబురుమాలుతో ముక్కు గట్టిగా చీదుకుంది.

"ఎండ దంచేస్తోందండి" అంది పట్టేసిన గొంతుతో. "గొడుగు కూడా అక్కర్లేదు."

వగ్దీ బాబాయ్ ఏమీ ఎరగనట్టు ఆమె ముందుకి ఇంకో గ్లాసు వేడి టీ జరిపాడు.