యాకోబు ఓటేశాడని నేను చెప్పిన వార్త

1978. శాసనసభ ఎన్నికల కాలం. నంద్యాల బస్టాండుకు దగ్గర్లో నాకో టైపు ఇన్‌స్టిట్యూట్ ఉండేది. పొద్దున అక్కడ పాఠాలు చెప్పేవాణ్ణి, మిగతా వేళ రేడియోకు స్ట్రింగర్‌ని. స్ట్రింగర్ అంటే ఉద్యోగి కాదు. ఏదో ఒక ప్రాంతం అప్పగిస్తే అక్కడి వార్తలు పంపుతూ ఉండే విలేకరి. జీతం బత్తెం మాట ఎలా ఉన్నా జేబులో ఒక గుర్తింపు కార్డు ఉండేది. ఆ కార్డు చూస్తే ఏ ఆఫీసులోనైనా కుర్చీ వేసేవాళ్లు. ఆ కుర్చీకి బాగా అలవాటు పడ్డవాణ్ణి నేను. ఆ సంగతి ముందే ఒప్పుకోవడం మేలు.

ప్రచారం రోజుల్లో ఒళ్లు హూనమయ్యేది. ఈ రోజు పాణ్యం, రేపు సంజామల, ఎల్లుండి ఆళ్లగడ్డ. జీపుల మైకులకు చెవులు దిమ్మెక్కేవి. పత్రికలవాళ్లు తమకు తోచినట్టు రాసుకునేవాళ్లు, మాకు ఆ వెసులుబాటు లేదు. ఒక పార్టీ సభ గురించి నాలుగు వాక్యాలు పంపితే రెండో పార్టీ సభకూ నాలుగే పంపాలి. ఆ లెక్క తప్పకుండా చూసుకోవడమే నిజాయితీ అనుకునేవాణ్ణి.

ఆళ్లగడ్డలో ఒక సభ ముగిశాక నోటుపుస్తకం మూస్తుంటే ఒకామె నా ముందుకొచ్చింది. ముప్ఫై ఏళ్లుంటాయి. మిషన్ బడిలో టీచరట, పేరు సుగుణమ్మ.

"రేడియో వార్తలు రాసేది నువ్వేనా అన్నా?"

"నేనేనమ్మా."

"ఒకసారి మా ఊరికి రాన్నా. మా నాయన నీతో మాట్లాడల్ల అంటాండాడు."

ఊరు అక్కడికి ఆరు మైళ్లు. దాని పేరు ఇక్కడ రాయను. వాళ్ల పేట ఊరి చివర, చర్చి వెనక. నాయన పేరు యాకోబు. డెబ్భై దాటిన మనిషి, గొంతు మాత్రం ఖంగుమంటుంది. నులక మంచం మీద దుప్పటి పరిచి నన్ను కూర్చోబెట్టాడు.

"ప్రతి ఎలక్షన్‌కూ పొద్దున్నే నీళ్లు పోసుకోని పోతాండానప్పా. ఆడికి పొయ్యేతలికి 'నీ ఓటు అయిపాయ, ఇంటికి పో' అంటారు. మనిషిని నేను ఈడుంటే నా ఓటు యాడికి పాయ?"

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

"మా పేటోళ్లందరిదీ ఇదే కత. ఒక్కరి యేలికీ సిరా అంటలేదు ఇంతవరకు. ఈసారి నువ్వొచ్చి ఓట్లేసే ఆ బడి గుమ్మంకాడ నిలబడు. నోరు తెరిచే పన్లే. రేడియోలో చెప్తాడని వాళ్లకు బయముంటాది, అంతే."

"తప్పకుండా వస్తాను పెద్దాయనా," అన్నాను. ఆ క్షణాన మనసులో కూడా అదే ఉంది.

ఇక్కడ మా వృత్తి అలవాటు ఒకటి చెప్పాలి. మధ్యాహ్నం బులెటిన్‌కు, అంటే ప్రాంతీయ వార్తలకు, పోలింగ్ కబురు పన్నెండు లోపల ఫోనులో చెప్పాలి. ట్రంక్ కాల్ కలవడం దైవాధీనం. నంబరు రాసిచ్చి ఎక్స్ఛేంజిలో పడిగాపులు కాయాలి. అందుకని మేమంతా కాపీ, అంటే చదవాల్సిన వార్త, ముందు రోజు సాయంత్రమే రాసి పెట్టుకునేవాళ్లం. 'పోలింగ్ ప్రశాంతంగా సాగుతోంది' అనే వాక్యం ఎలాగూ మారదు. శాతం దగ్గర ఖాళీ వదిలేవాళ్లం. ఇందులో తప్పుందని ఎవరికీ తోచేది కాదు.

ఆ సాయంత్రం నాకు మరో ఆలోచన వచ్చింది. ఉత్త శాతాలు ఎవరు వింటారు? చివర రెండు వాక్యాలు చేర్చాను. ఫలానా గ్రామంలో యాకోబు అనే వృద్ధుడు జీవితంలో తొలిసారి ఓటు హక్కు వినియోగించుకున్నాడని, పేటవాసులంతా ఉత్సాహంగా బారులు తీరారని. రేపు నేనక్కడే నిలబడతాను కదా, జరగబోయేదే కదా అనుకున్నాను. టైపు చేసి, మళ్లీ చదువుకుని మురిసిపోయాను.

పోలింగ్ రోజు మొదటి బస్సుకే ఆళ్లగడ్డలో దిగాను. కాల్ బుక్ చేసి ఊరికి పోయి వద్దామని నా ఎత్తు. ఆపరేటర్ తల అడ్డంగా ఊపాడు.

"లైను ఎప్పుడొస్తాదో చెప్పలేను సార్. నువ్వు యాడికన్నా పొయ్యినావంటే మల్లా మొదట్నించి."

పక్క వీధిలోని పోలింగ్ బూత్‌లు రెండు ఉరుకుల మీద చూసొచ్చి బెంచీ మీద కూర్చున్నాను. పది దాటింది. పదకొండు దాటింది. పన్నెండుకు కాస్త ముందు లైను కలిసింది. అవతల న్యూస్ ఎడిటర్ "చదువు, చదువు" అని తొందరపెడుతున్నాడు. చదివాను. చివరి రెండు వాక్యాల దగ్గర నాలుక ఒక్క క్షణం ఆగింది. పెన్సిలు జేబులోనే ఉంది, కొట్టేయొచ్చు. చదివేశాను.

"బాగుందయ్యా, ఆ ముసలాయన సంగతి బాగుంది," అన్నాడు ఎడిటర్.

అప్పుడైనా ఊరికి పోవచ్చు, పోలింగ్ ఇంకా ఐదు గంటలుంది. పోలేదు. హోటల్లో భోంచేస్తూ, బల్ల మీది రేడియోలో నా వాక్యాలు వచ్చినప్పుడు పక్కనున్నవాళ్లకు "మనదే" అని చెప్పాను. ఛీ! ఇది రాస్తుంటే ఇప్పటికీ తల ఎత్తాలనిపించదు.

మర్నాడు పొద్దున ఇన్‌స్టిట్యూట్ తలుపు దగ్గర సుగుణమ్మ, వెనక యాకోబు. ఆయన లోపలికి రాలేదు. గడప బయటే నిలబడి ఎడమ చేయి ఎత్తి చూపుడువేలు చూపించాడు. గోరు మీద చుక్క సిరా లేదు.

"మా నాయన ఓటేసినాడంట గదన్నా. మధ్యాన్నం రచ్చకట్ట కాడ రేడియోలో ఇన్యాం," అంది ఆమె. "మా పేటోళ్లను గుమ్మం కాడికే రానీలే. నీ కోసరం పొద్దున్నించి రోడ్డుకల్లే చూసినాడు. రేడియోలో ఆయన పేరొస్తానే ఆ రచ్చ మీదోళ్లు యెట్ల నగినారో తెలుసునా నీకు?"

 ట్రంక్ కాల్ అనీ, లైను అనీ ఏదో గొణిగాను.

"అది ఇడిసిపెట్టు. మల్లా పోలింగ్ పెట్టించండని ఎలక్షన్ ఆఫీసర్‌కు రాత్రే అర్జీ ఇచ్చినాం. 'ఓటేసినారని రేడియోలోనే చెప్పె గదా, అబద్ధాలెందుకమ్మా' అన్నాడు. నువ్వొక్క కాయితం రాసియ్యి చాలు. 'నేను ఆ ఊరికి పోలే, నా కండ్లతో చూళ్లే' అని. ఈ పొద్దే ఇయ్యల్ల, రేపటికి పనికిరాదు."

బల్ల మీద టైపు మిషను, అందులో తెల్ల కాయితం ఎక్కించే ఉంది. రెండు వరసలు కొడితే చాలు. కొడితే నా కార్డు పోతుంది.

"అట్లా రాసిస్తే నన్ను తీసేస్తారమ్మా," అన్నాను.

సుగుణమ్మ నావైపు చూసింది. తిట్టివుంటే బాగుండేది. యాకోబే అన్నాడు, "రామ్మా పోదాం. ఆయప్ప కార్డు ఆయప్పకు కావల్ల గదా." మెట్లు దిగి వెళ్లిపోయారు. మళ్లీ పోలింగ్ జరగలేదు. ఆ ఏడాది నా పనితీరు బాగుందని పైనుంచి ఉత్తరం వచ్చింది. దాన్ని ఇంట్లో ఎవరికీ చూపించలేదు.

ముందస్తు కాపీ రాయడం ఆ రోజుతో మానేశాను. చూడని ఊరి పేరు పలకలేదు. దానివల్ల వార్తలు ఆలస్యమై ఎన్నో చీవాట్లు తిన్నాను. అవి నాకు హాయిగానే ఉండేవి.

1983లో మళ్లీ శాసనసభ ఎన్నికలు. ఈసారి ట్రంక్ కాల్ బుక్ చేయనేలేదు. ముందు రోజే ఆ ఊరు చేరి, తెల్లారేసరికి బడి గుమ్మం దగ్గర నిలబడ్డాను. కొందరు పెద్దమనుషులు వచ్చి ఎగాదిగా చూశారు. కార్డు తీసి చొక్కా మీద పెట్టుకున్నాను. దానికి ఉన్న అసలు పని అదేనని అప్పటికి తెలిసింది. పేటవాళ్లు ఒక్కొక్కరే వచ్చి వరసలో నిలబడ్డారు. ఎవరూ ఆపలేదు. నేను ఒక్క మాటా మాట్లాడలేదు. ఐదేళ్ల కిందట ఆ ముసలాయన అడిగిందీ ఇంతే.

యాకోబు కర్ర పట్టుకుని వచ్చాడు. బాగా వంగిపోయాడు. ఓటేసి బయటికొచ్చి వేలు ఎండకు పెట్టి చూసుకున్నాడు, కూతురికి చూపించాడు. నాకు చూపించలేదు. నేను వెంట నడిచాను.

"పెద్దాయనా, ఈసారి నిజంగా చూశాను. సాయంత్రం వార్తల్లో చెప్పిస్తాను, మీ పేరుతో సహా."

ఆయన ఆగి, ఆ నల్ల చుక్క వేలును పంచె మడతలో దాచుకున్నాడు.

"వద్దప్పా," అన్నాడు. "నా పేరు ఒకసారి చెప్పినావు గదా. సాలు."