గొట్టాల యేసుదానం

యేసుదానం లెక్కలో ఈ లోకంలో ఉన్నవి రెండే జాతులు. ఒకటి గొట్టాలు. రెండోది గొట్టాలకి అడ్డొచ్చేవాళ్ళు. తమరూ నేనూ ఆ రెండో జాతి.

అతని ఉద్యోగం అలాంటిది. డెబ్బైల చివర్లో విశాఖపట్నం విమానాశ్రయం పక్కన, ఒక రేకుల షెడ్డులో, పాత విమానాలకి లోపలి భాగం కొత్తగా అమర్చే చిన్న కంపెనీ ఒకటుండేది. నేనక్కడ ఉత్తరాలు టైపు కొట్టేవాణ్ణి, వచ్చిన పార్టీలకి టీలు తెప్పించేవాణ్ణి. యేసుదానం డిజైనరు. బెంగుళూరులో పని నేర్చుకొచ్చాడు. విమానం పైరేకుకీ, లోపల మనకి కనబడే గోడకీ మధ్య జానెడు సందుంటుంది. కరెంటు తీగలు, నీళ్ళ గొట్టాలు, వెచ్చగాలి తెచ్చే గొట్టాలు అన్నీ ఆ సందులోంచీ, నేల పలకల కిందనుంచీ పోవాలి. అవన్నీ సర్దుకున్నాక మిగిలిన చోట్లో సీట్లు. ఆ సీట్లలో మనుషులు. ఈ వరసలో మనుషులు ఆఖర్న రావడం అతనికి ఎంతో న్యాయంగా కనిపించేది.

“మనిసి వంగుతాడు బావా. గొట్టం వంగితే గాలాడదు,” అనేవాడు నాతో.

మంచి పొడగరి. మా షెడ్డుకొచ్చిన ప్రతి విమానంలోనూ తల బాదుకున్నాడు. టంగుమని చప్పుడయ్యేది. మేము పరిగెత్తుకెళ్ళి చూస్తే, అతను తలొదిలేసి గొట్టం తడుముతూ ఉండేవాడు.

ఇంటి దగ్గరా ఇదే వరస. కంచరపాలెంలో ఇల్లు కట్టుకున్నప్పుడు ముందు గొట్టాలు నిలబెట్టి, తర్వాత వాటి చుట్టూ గోడలు లేపించాడు. తీరా చూస్తే పడగ్గదిలో మంచం పట్టలేదు.

“గొట్టం కాస్త జరిపించండి,” అంది భార్య రత్నమణి.

“మంచం కోయించు,” అన్నాడు.

రత్నమణి స్కూలు టీచరు. మొండి పిల్లలతో వేగినావిడ. అయినా ఒకరోజు నా దగ్గర బయటపడింది. “కష్టంలోనూ సుఖంలోనూ అని పెళ్ళిలో పాస్టరుగారు ఒట్టేయించారు గాని అన్నయ్యా, తూముగొట్టం పక్కన ముడుచుకు పడుకోమని అన్లేదు.”

నా స్వానుభవం ఇంకోటి ఉంది. మా మేనకోడలికి ఆనందపురంలో సంబంధం చూడ్డానికి వెళ్తూ, పెద్దమనిషి తోడుంటే బాగుంటుందని ఇతన్ని తీసుకెళ్ళాను. మగపెళ్ళివారు జీడిపప్పు ఉప్మా పెట్టారు. మేమంతా పెళ్ళికొడుకుని చూస్తున్నాం. ఇతను చెయ్యి కడుక్కొస్తానని పెరట్లోకెళ్ళి, అరగంటైనా రాలేదు.

“అబ్బాయి నచ్చాడా యేసుదానం?” అన్నాను, వచ్చాక.

“అబ్బాయి సంగతి నాకు తెలీదు బావా. పెరట్లో తూముకి వాలు లేదు. నీలు ఎనక్కి తన్నే ఇంట్లో పిల్లనెలాగిత్తాం?” అన్నాడు, అందరూ వినేలా.

సంబంధం అక్కడితో సరి. ఆ తర్వాత మా అక్క అతనికి మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు. ఇచ్చినా అతను ముందు గ్లాసు చూడడు, కుళాయి చూస్తాడు.

అలాంటివాడి చేతిలో తవిటయ్య విమానం పడింది.

తవిటయ్య రొయ్యలు ఎగుమతి చేసేవాడు. ఆ రోజుల్లో రొయ్య పట్టిందల్లా బంగారం. ఫిషింగ్ హార్బరులో అతనికి మరపడవలున్నాయి, ఐసు ఫ్యాక్టరీ ఉంది, మెళ్ళో ఎద్దుని కట్టడానికి సరిపోయే గొలుసుంది. నలుగురూ కార్లు కొంటున్నారని ఇతను రెండింజన్ల పాత విమానం కొన్నాడు. వ్యాపారానికి మద్రాసు వెళ్ళాలంటాడు. మద్రాసుకి రైలుందన్న సంగతి అతనికెవరూ చెప్పలేదు కాబోలు.

విమానం చూపించడానికి తల్లి అసిరమ్మని కూడా తీసుకొచ్చాడు. ఆవిడ నెత్తిన చేపల గంపతో వీధివీధీ తిరిగి ఇతన్నింతవాణ్ణి చేసింది. ఆ మోతకి కుడి మోకాలు బిగిసిపోయింది. వంగదు. కూర్చుంటే కాలు తెడ్డులా ముందుకి చాపుకోవాల్సిందే.

“ఎనకమాల పెద్ద సోఫా పడాల,” అన్నాడు తవిటయ్య. “మినిస్టర్లొత్తారు, కలకత్తా పార్టీలొత్తారు. సోఫా ముందల గాజుబల్ల. గోడలకి ఎర్ర వెల్వెట్టు.”

“గొట్టం ఎలాగెల్తాది?” అన్నాడు యేసుదానం.

“ఏ గొట్టం?”

“అన్నీనండి.”

“ఇమానం నాదేటి, నీ గొట్టాలదేటి?”

“కొన్నది తమరేనండి. కాపరముండేది అవి.”

ఈ గొడవలో అసిరమ్మ నెమ్మదిగా అడిగింది. “నానెక్కడ కూకుంతాన్రా?”

“నీ కాలికి ఇందులో సోటేదే అమ్మా? మినిస్టరుగారి మీదకి కాలు సాపుతావేటి? నీకు కారుంది కదా!”

ఆవిడ విమానం రేకు మీద చెయ్యి వేసి, కొత్త గేదెని నిమిరినట్టు నిమిరింది. “సర్లే. నాను కింద్నించే సూత్తాను,” అని నవ్వేసింది. ఆ నవ్వు నాకు గుచ్చుకుంది. యేసుదానానికి అదేమీ పట్టలేదు. మోకాళ్ళ మీద కూర్చుని నేలకి టేపు పరుచుకుంటున్నాడు. ప్రాణమున్న మనిషి మాట్లాడుతుంటే పలకలు కొలుచుకునే రాయి వీడు, అనుకున్నాను.

తర్వాత డ్రాయింగు వచ్చింది. తవిటయ్య దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి కేకేశాడు.

“నా సోఫా ఏదయ్యా?”

సోఫా లేదు. అది ఉండాల్సిన చోట, కిటికీ పక్కన, ఒంటి సీటు. దాని ముందు బల్లా లేదు, మరో సీటూ లేదు. ఉత్త నేల.

“ఆ పలకల కింద మెయిన్ గాలిగొట్టం ఎల్తాదండి. మీద బరువెట్టకూడదు.”

“పక్కకి తొయ్యి!”

“తోస్తే గాలి తగ్గుతాది. మినిస్టరుగారికి ఊపిరాడకపోతే నాను పూచీ కాదు.”

మినిస్టరు ఊపిరి మాటెత్తగానే తవిటయ్య ఊపిరి సగమైంది. అయినా ఆశ చావక, రత్నమణికి బుట్టెడు టైగర్ రొయ్యలు పంపించాడు. యేసుదానం వాటిని వేపుడు చేయించుకుని శుభ్రంగా తిన్నాడు. గొట్టం మాత్రం అంగుళం కదల్లేదు.

విమానం తయారైంది. ముక్కుమీద కుంకం బొట్టుపెట్టి కొబ్బరికాయ కొట్టారు. పెద్దవాళ్ళంతా ముందు సీట్లకి ఎగబడ్డారు. టీలందించడానికి నన్నూ ఎక్కించారు. వెనక ఒంటి సీటు ఎవరికీ వద్దు. పక్కన బాకా ఊదడానికి మనిషి లేడు, గ్లాసు పెట్టుకోడానికి బల్ల లేదు.

“అమ్మా, ఎలాగూ ఖాళీయే. ఎక్కు,” అన్నాడు తవిటయ్య, దానం చేస్తున్నట్టు.

అసిరమ్మ ఎక్కింది. కూర్చుని, కుడికాలు చాపింది. కాలు కాలంతా, మడమతో సహా, ఆ ఉత్త నేల మీద హాయిగా పట్టింది. పక్క గోడలో చిన్న కన్నం ఉంది. ఇంజన్లు మొదలవగానే అందులోంచి వెచ్చగాలి వచ్చి సరిగ్గా ఆవిడ మోకాలికి తగిలింది. విమానం హార్బరు మీద చక్కరు కొడుతుంటే ముందు సీట్లలో ఇద్దరు పెద్దమనుషులు వాంతి సంచుల్లోకి తలలు దూర్చారు. ఆవిడ మాత్రం కిటికీకి అతుక్కుపోయి అరుస్తోంది.

“ఒరే తవిటీ! మన పడవలు సీమల్లాగున్నాయిరా! అదిగో, నాను గంప దింపే మెట్టు!”

విమానం దిగి అందరూ వెళ్ళాక నాకు అనుమానమొచ్చింది. వెళ్ళి ఆ పలక ఎత్తి చూశాను. కింద గొట్టం లేదు. తీగ ముక్కైనా లేదు.

“యేసుదానం! మెయిన్ గొట్టమేదీ?”

అతను ఇటూ అటూ చూశాడు. “అరవకు బావా.”

“మరి ఇంత రగడ ఎందుకు చేశావు?”

“ముసలమ్మ కాలికి సోటియ్యమంటే ఇత్తాడేటి? గొట్టానికని సెప్తే తిట్టుకుంటూనైనా ఇచ్చేడు.”

నేనింకా నోరు మూయకముందే బయట నవ్వులు వినిపించాయి. తవిటయ్య మళ్ళీ వచ్చాడు, వెంట కలకత్తా పార్టీ.

“మెయిన్ గొట్టం సూపిత్తాను, రండి. ఇలాటి గొట్టం ఢిల్లీలో లేదు!” అంటూ నేరుగా ఎత్తిన పలక వైపే వస్తున్నాడు.

యేసుదానం మొహం సున్నం కొట్టినట్టయింది. పలక నా చేతిలోనే ఉంది. ఠపీమని మూసి, దాని ముందు చేతులు చాపి అడ్డం నిలబడ్డాను.

“అక్కడే ఆగండి తవిటయ్యగారూ! అడుగెయ్యకండి. కింద గొట్టం ఉంది!”